పిట్ట ముట్టిన వేళ

"తడి చెంచా పెట్టిండ్రు" అంది మా అత్తమ్మ జానకీబాయి, తొక్కు జాడీ మూత చేతిలో పట్టుకుని వంటింటి గడప మీద నిలబడి. "బూజు పట్టింది సూడుండ్రి. ఏడాదికి సరిపోయే తొక్కు. ఎవలు పెట్టిండ్రో ఇప్పుడే చెప్పాలె."

నేను ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. తల ఎత్తకుండానే చెప్పాను. "సృజన పెట్టింది. నిన్న మధ్యాహ్నం. నేను చూసిన."

సృజన నా తోడికోడలు, చనిపోయిన మా మరిది తారక్ భార్య. పక్క గదిలో స్కూలు పిల్లల పేపర్లు దిద్దుకుంటోంది. అక్కడి నుంచే అరిచింది.

"నిన్న మధ్యాహ్నం నేను ఇంట్లనే లేను గదా అక్కా!"

"ఉన్నవు. పసుపుపచ్చ చున్నీ వేసుకున్నవు. జాడీ కాడ నిలబడి వేలు నాకుకుంటున్నవు."

"పదకొండింటికి పళ్ల డాక్టర్ దగ్గరికి పోయిన. మూడింటికి వచ్చిన. చెంప వాచి మంచినీళ్లే దిగుతలేవు, నేను తొక్కు తింటనా?"

"నా కండ్లతోని చూసిన సృజనా."

ఆమె లేచి వచ్చింది. ఎడమ చెంప ఇంకా ఉబ్బే ఉంది. చేతిలో డాక్టర్ చీటీ. "టైంతో సహా రాసున్నది, సూడు. ఇంక సాక్షులను గూడ పిల్వాల్నా? అవ్ మరి, జడ్జి మెచ్చుకున్న కండ్లు నీవి. నీ ముందట మా చీటీలు ఏం పనికొస్తయి!"

అని నాలుక కరుచుకుంది. అత్తమ్మ జాడీ కింద పెట్టింది. అంతలో మా అమ్మాయి కావ్య గది తలుపు సందులోంచి తొంగి చూసింది.

"మమ్మీ, నేనే. పెరుగన్నం తినుకుంటనే చెంచా పెట్టిన. చిన్నమ్మ చున్నీ ఏసుకున్న. సారీ నానమ్మా."

"అది ముందే చెప్పక, ఇద్దరు కొట్లాడుకుంటుంటె తమాషా సూస్తున్నవా?" అని అత్తమ్మ దాని నెత్తి మీద ఒక్కటి వేసింది. గొడవ అంతటితో అయిపోయింది. పైన ఉన్న తొక్కంతా తీసి పారేసి, అడుగున మిగిలింది చిన్న సీసాలోకి మార్చాం.

నాకు మాత్రం అది అయిపోలేదు. కావ్యను సృజన అనుకోవడం పెద్ద పొరపాటు కాదు. ఎత్తు ఒకటే, చున్నీ ఆమెదే. కానీ నేను ముఖం చూశాను. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే అక్కడ సృజన ముఖమే కనబడుతోంది. వేలు నాకుతూ పక్కకు తిరిగి నన్ను చూసింది. ఆ క్షణంలో పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న మనిషి ముఖాన్ని, నా మనసు తీసుకొచ్చి నా కూతురి మెడ మీద పెట్టింది. ఎవరైనా ప్రమాణం చేయమంటే చేసి ఉండేదాన్ని.

ఒకసారి చేశాను కూడా.

*

అప్పుడు మేం బెల్లంపల్లిలో ఉండేవాళ్లం. 2017, మే నెల. పొద్దున పదకొండున్నర దాటింది. నేను మిద్దె మీద చల్లమిరపకాయలు ఎండబోస్తున్నాను. కింద గేటు చప్పుడైంది. తారక్ బనీను మీదే వెళ్లి గేటు తీశాడు. బయట నిలబడిన మనిషి ఏదో అన్నాడు. తారక్ చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత కడుపు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ మనిషి ఒక్కసారి పైకి చూశాడు. నుదుటి మీద పడ్డ జుట్టును ముంజేతితో వెనక్కి నెట్టుకున్నాడు. చేతిలో కత్తి ఉంది కాబట్టి వేళ్లతో కాకుండా ముంజేతితో. తర్వాత పరుగెత్తాడు. అంతా కలిపి మూడు నాలుగు క్షణాలు. నేను మెట్లు దిగి వచ్చేసరికి తారక్ గేటుకు ఆనుకుని ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి.

తారక్ గల్ఫ్ దేశాలకు మనుషులను పంపే ఆఫీసు నడిపేవాడు. డ్రైవరు పని అని పంపి ఎడారిలో ఒంటెల వెనక తిప్పించాడని, పాస్‌పోర్టు ఇప్పించడం లేదని కొందరు ఫోన్లు చేసి తిట్టేవాళ్లు. వాళ్లలో సంపత్ ఒకడు. జన్నారం దగ్గరి పల్లె. తండ్రి కొండల్ చావుబతుకుల్లో ఉన్నాడని తెలిసి అక్కడి నుంచి ఫోన్ చేసి, "మా బాపుకు ఏమన్న అయితే నీ సంగతి చూస్త" అన్నాడు. ఆ మాట తారక్ ఫోన్‌లో రికార్డయి ఉంది. పోలీసులకు అది చాలింది. తారక్ పోయిన ఆరో రోజు సంపత్‌ను పట్టుకున్నారు.

ఆ సాయంత్రం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో అతని ఫోటో వచ్చింది. వీసా కోసం దిగిన ఫోటో, ఒత్తుగా జుట్టు. కింద "దొరికిండు" అని రాసి ఉంది. మా ఆయన విక్రాంత్ ఫోన్ నా చేతికిచ్చి, "వీడేనా?" అన్నాడు. చాలాసేపు చూశాను. వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చూశాను. "వీడే కావచ్చు" అన్నాను. రాత్రి పడుకునేటప్పటికి "వీడే" అయింది.

మూడు వారాల తర్వాత జైల్లో మేజిస్ట్రేటు ఎదుట గుర్తింపు పరేడు పెట్టి పదిమందిని వరసగా నిలబెట్టారు. అందరి తలలూ పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. నేను నేరుగా సంపత్ దగ్గరికి వెళ్లి వేలు చూపించాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

కోర్టులో అతని తరఫు వకీలు అడిగాడు. పరేడుకు ముందు ఇతని ఫోటో చూశారా అని. ఆ ప్రశ్న వస్తుందని మా కుటుంబ వకీలు లక్ష్మీరాజం ముందే చెప్పాడు. "చూసిన అంటే పరేడుకు విలువ ఉండదమ్మా. కేసే పోతది." అందుకని "లేదు" అన్నాను. ఆ రోజు చెప్పిన వందలాది మాటల్లో అబద్ధం అదొక్కటే. మిగతావన్నీ నిజమే కదా, ఈ ఒక్కటీ నిజానికి సాయం చేసే అబద్ధమే కదా అనుకున్నాను.

సంపత్‌కు యావజ్జీవం పడింది. కేసు నడిచే నాటికే మేం ఇల్లు అమ్మేసి కరీంనగర్ వచ్చేశాం. హైకోర్టులో అతని అప్పీలు ఇన్నేళ్లకు, వచ్చే నెల విచారణకు వస్తోంది.

*

అప్పీలు కాగితాల నకలు ఒకటి లక్ష్మీరాజం మా ఇంటికి పంపాడు. మామయ్య మధుసూదన్‌రావు గారికి కళ్లలో పొర వచ్చింది, చదవలేరు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను పిలిచి చదివించుకుంటారు. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాలి. నా వాంగ్మూలం అయిపోయింది. తీర్పులో నా గురించి రాసిన భాగం ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. సాక్షి చదువుకున్న గృహిణి, నిందితుడితో ఆమెకు ఏ పగా లేదు, నుదుటి మీది జుట్టును ముంజేతితో నెట్టుకున్నాడనే చిన్న వివరం కూడా గమనించింది, ఇటువంటి సాక్షిని నమ్మకపోవడానికి కారణం లేదు అని రాశారు.

తొక్కు గొడవ జరిగిన మర్నాడు సంపత్ తల్లి బాలలక్ష్మి వాంగ్మూలం వచ్చింది. ఒకటిన్నర పేజీ. ఆ రోజు నా భర్త పదో దినం. నా కొడుకు కాలువ దగ్గర మాతోనే ఉన్నాడు. పక్షి అన్నం ముట్టలేదు. చాలాసేపు ఎదురు చూశాం. ముట్టేసరికి పొద్దు వాలింది. గడియారం చూడలేదు. నాకు చదువు రాదు. నిందితుడు నా కొడుకు కాబట్టి అబద్ధం చెబుతున్నానన్నది నిజం కాదు.

ఇంగ్లీషులో చదువుతున్నంతసేపు అది ఒక కాగితం. తెలుగులోకి తిప్పేటప్పుడు నా నోటి వెంట "పిట్ట ముట్టలేదు" అని వచ్చింది. ఆగిపోయాను.

"సదువు" అన్నారు మామయ్య.

తర్వాత తీర్పులో ఆ వాంగ్మూలం గురించి జడ్జి రాసింది చదివాను. సాక్షులందరూ నిందితుడి బంధువులే. ఎవరూ సమయం చూడలేదు. బెల్లంపల్లి నుంచి ఆ ఊరు మోటార్ సైకిల్ మీద రెండు గంటల దారి. పరేడు నాటికి నిందితుడి తల మీద అప్పుడే మొలుస్తున్న జుట్టు ఉంది. నేరం చేసి ఊరు చేరాక, తండ్రి కర్మను ఆసరా చేసుకుని గుండు చేయించుకుని రూపం మార్చుకున్నాడని భావించవలసి ఉంది.

"దొంగ ముచ్చట్లు" అన్నారు మామయ్య. "దొరికిన ప్రతోడు పిట్టను అడ్డం పెట్టుకుంటడు."

నేను పేజీ తిప్పలేదు. మా తారక్ పదో దినం గుర్తుకొచ్చింది. తెల్లవారుజామునే వాగు ఒడ్డున మంగలి వచ్చి మా ఆయనకు, మామయ్యకు గుండ్లు చేశాడు. తర్వాత స్నానాలు. తర్వాతే అన్నం వండి ఆకులో పెట్టి పిట్టకు పెట్టింది. మా దిక్కు ఎవరింట్లోనైనా వరస ఇదే. తల మీద జుట్టుండగా కొడుకు పిట్టకు అన్నం పెట్టడు. పెట్టినా పదిమందీ ఒప్పుకోరు. పిట్ట ముట్టేదాకా పోయినవాళ్ల మనసు తీరనట్టే, ఎవరూ మెతుకు ముట్టరు.

సంపత్ ఆ రోజు పిట్టకు పెట్టి పొద్దు వాలేదాకా ఎదురు చూశాడంటే, పొద్దుటే అతనికి గుండు అయి ఉండాలి. మరి నేను చూసిన మనిషి నుదుటి మీద జుట్టుంది. జడ్జి మెచ్చుకున్న జుట్టు.

"మామయ్యా, గుండు ముందు అయితదా, పిట్టకు ముందు పెడ్తరా?"

"ఏం మాటలు గవి? గుండే ముందు. మన తారక్‌కు జేసినప్పుడు జూడలేదా?" అన్నాక ఆయన మొహం నా వైపు తిప్పారు. పొర వచ్చిన కళ్లు ఎక్కడ చూస్తున్నాయో తెలియదు. "ఇగ సాలు. కాగితాలు లోపల పెట్టు" అన్నారు.

*

విక్రాంత్‌కు చెప్పాను. షర్టుకు బొత్తాలు పెట్టుకుంటూ విన్నాడు.

"వాళ్లు పదో దినం చేసిండ్రనే తెలుసు. ఆ పొద్దుగాలనే చేసిండ్రని ఎట్ల తెలుసు? ముసల్ది చెప్పిందే గదా. ఇప్పుడు గీ ఇంటి శాంతి పాడు చేస్తవా? సృజన మొహం జూసి మాట్లాడు జర."

"నాకు ఫోటో చూపెట్టింది మీరే."

"చూపెడ్త. తమ్ముణ్ని చంపినోడు అనుకున్న, చూపెట్టిన. తప్పా?"

తప్పని నేను అనలేదు. చూడలేదని చెప్పింది నేను.

రెండ్రోజులకు లక్ష్మీరాజం కాగితాల కోసం వచ్చాడు. మామయ్యకు చిన్ననాటి స్నేహితుడు. మామయ్య స్నానానికి వెళ్లారు. వరండాలో చాయ్ ఇస్తూ గుండు సంగతి, ఫోటో సంగతి రెండూ చెప్పాను. ఆయన చాయ్ తాగడం ఆపలేదు.

"గుండు ముందు అయితదని రికార్డుల ఎవలన్న చెప్పిండ్రా అమ్మా? లేదు. వాళ్ల ఊరి మంగలి కైలాసం కేసు షురూ గాకముందే సచ్చిపోయిండు. రికార్డుల లేంది అప్పీల్ల ఊర్కెనే రాదు. మనకు తెలిసినా, అడుగుడు మన పని గాదు."

"నేను పోయి చెప్పిన అనుకోండి. ఫోటో చూసిన, చూడలేదని అబద్ధం చెప్పిన అని."

"సాక్షి ఒకసారి బోనులకెల్లి దిగినంక మాట వాపస్ తీసుకునుడు ఉండది. ఎనిమిదేండ్లకు మాట మారిస్తే ఏమంటరో తెల్సా? ఎవలో కొన్నరు, లేకపోతే బెదిరించిండ్రు అంటరు. నీ మొదటి మాటనే నమ్ముతరు. ఎందుకంటే ఆ మాట గట్టిగ చెప్పినవు, ఎక్కడ తడబడలేదు. వాడు లోపల్నే ఉంటడు, నీ మీద దొంగసాక్ష్యం కేసు అయితది. ఎవలికి లాభం?"

"అంటే నిజం చెప్పినా..."

"నిజం చెప్పేటందుకు ఒక దినం ఉంటదమ్మా. అది అయిపోయింది."

"ఆ దినం, ఫోటో చూడలేదని చెప్పమన్నది మీరే గదా."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. నా వైపు నిజంగానే ఆశ్చర్యంగా చూశాడు. "నేను గట్లన్ననా? నాకు యాదికే లేదు."

*

ఇంత తెలిశాక కూడా నాకు ఒక అనుమానం మిగిలింది. వాళ్ల కులంలో వరస వేరేమో. ఆ రోజు ఏదో కారణం చేత గుండు ఆలస్యమైందేమో. అలా అయి ఉంటే బాగుండునని కోరుకుంటూనే, లక్సెట్టిపేటలో మా పెద్దమ్మ కూతురిని చూసి వస్తానని ఇంట్లో చెప్పి జన్నారం బస్సెక్కాను.

బాలలక్ష్మి ఇల్లు కడెం కాలువ గట్టుకు ఆనుకునే ఉంది. వాకిట్లో కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఎవలమ్మా?"

"కరీంనగర్ నుంచి వచ్చిన. సంపత్ కేసు గురించి ఒక్క ముచ్చట అడుగుదామని."

ఆమె లేచి కుర్చీ వేసింది. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మళ్లీ చాట ముందు కూర్చుంది.

"కొండల్ పదో దినం నాడు, మీ కొడుకుకు గుండు ఎప్పుడు అయింది?"

"తెల్లారంగనే. కైలాసం కత్తి వట్టుకోని కాలువ కాడికి వచ్చిండు. నలుగురికి జేసిండు. నా కొడుకుకు ఆఖరుకు. గాయింత గాటు వడ్డది, ఇగో ఇక్కడ" అని తన చెవి వెనక చూపించింది. "పసుపు వెట్టిన."

"పిట్టకు పెట్టింది ఆ తర్వాతేనా?"

ఆమె చేతులు మొదటిసారి ఆగాయి. "గుండు గాకుండ, తానం జేయకుండ పిట్టకు ఎవలు వెడ్తరు? ఏ దేశపుదానివే తల్లీ నువ్వు?"

"ఈ మాట కోర్టుల ఎందుకు చెప్పలే?"

"అడుగలే. నీ కొడుకు ఆడ ఉన్నడా అన్నరు, ఉన్నడన్న. టైం ఎంత అన్నరు, పొద్దు వాలింది అన్న. గుండు ముందా పిట్ట ముందా అని ఎవలన్న అడుగుతరా? పోరగాండ్లకు గూడ ఎర్కే గదా." బీడీకి దారం చుట్టి పంటితో తెంపింది. "నల్లకోటేసుకున్నోళ్లకు గూడ తల్లిదండ్రులు సస్తరు గదా, వాళ్లకు ఎర్కుంటది అనుకున్న."

ఫోటోలేమైనా ఉన్నాయా అని అడిగాను. "సావు కాడ ఫోటోలు ఎవలు దిగుతరు" అంది.

తర్వాత నేను అడగకుండానే చెప్పింది. కొడుకు రాకముందే తండ్రి పోయాడు. పాస్‌పోర్టు ఇవ్వడానికి అక్కడివాళ్లు వారం రోజులు తిప్పారు. సంపత్ వచ్చేసరికి కాటికి తీసుకుపోవడం కూడా అయిపోయింది. పదో దినం నాడు పిట్ట రాలేదు. ఆకు మూడుచోట్ల మార్చి పెట్టారు. మేనత్తలు మొక్కారు, తమ్ముడి కొడుకు మొక్కాడు. పిల్లలు ఆకలికి ఏడ్చారు. కాకులు కాలువ అవతల గట్టు మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి, దాటి రావడం లేదు.

"కొడుకు మొఖం సూడకుండ పోయిండు గదా, అందుకే ముడ్తలేడు అన్నరు అందరు. అప్పుడు నా కొడుకు ఆకు ముంగట బోర్ల వడి, బాపూ ఇగ దేశం పోను, అవ్వను ఇడిసిపెట్టి ఏడికి పోను అన్నడు. అప్పుడు ముట్టింది." ఆమె తునికాకు ఒకటి తీసుకుని కత్తెరతో కోసింది. "ఆరు పొద్దులకు పోలీసులు తీస్కపోయిండ్రు. ఆ పిట్టకు గూడ అబద్ధం చెప్పినట్టయింది."

నేను లేవబోయాను.

"కూసో. నీళ్లు తాగలే నువ్వు." నేను చెంబు ఎత్తి తాగేదాకా చూసింది. "వాకిట్ల అడుగు వెట్టంగనే గుర్తువట్టిన. బోనుల ఆకుపచ్చ చీర కట్టుకోని నిలవడ్డవు. మెడల నల్లపూసలు రెండు వరసలు."

ఆకుపచ్చ చీరే. నల్లపూసలు రెండు వరసలే.

"ఒక్కటే అడుగుత దొరసానీ. నిన్ను తిట్ట. తిట్టి తిట్టి నోరు నొచ్చింది, బంద్ జేసిన. గంత మంది మొఖాలు ఉండంగ, నీకు నా కొడుకు మొఖమే ఎందుకు కనవడ్డది?"

జవాబు నా దగ్గర ఉంది. ఫోన్‌లో కనబడ్డది, వేళ్లతో పెద్దది చేసుకుని చూశాను అని. అది చెబితే ఆమెకు ఏం అర్థమవుతుంది? అర్థమైతే ఎట్లా తట్టుకుంటుంది? చెంబు కింద పెట్టి బస్సుకు నడిచాను. ఆమె వెనక నుంచి పిలవలేదు. మలుపు దగ్గర తిరిగి చూస్తే బీడీలు చేసుకుంటూనే ఉంది.

*

ఆదివారం మధ్యాహ్నం. అందరూ ఇంట్లో ఉండే పూట అదొక్కటే. పెసరపప్పు, బెండకాయ కూర, సీసాలో మిగిలిన తొక్కు. అందరికీ వడ్డించి నేను కూడా కూర్చున్నాను. మామూలుగా నేను ఆఖరున తింటాను, అందుకని అత్తమ్మ నా వైపు చూసింది.

"సంపత్ వాళ్ల ఊరికి పోయి వచ్చిన" అన్నాను.

విక్రాంత్ తినడం ఆపాడు. "లక్సెట్టిపేట పోయిన అన్నవు."

"అబద్ధం చెప్పిన. కోర్టుల గూడ చెప్పిన. పరేడుకు ముందు అతని ఫోటో చూసిన. చూడలేదని చెప్పిన."

సృజన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. కావ్య అందరి మొహాలూ చూస్తోంది.

"అతనికి పొద్దుగాలనే గుండు అయింది. నేను చూసినోనికి జుట్టున్నది. నేను చూసింది ఆ జుట్టునే. మొఖం ఫోన్ల చూసిన."

"ఆ ముసల్దాని మాట వట్టుకోని..." అన్నాడు విక్రాంత్.

"ముసల్దాని మాట గాదు. వాళ్ల పిట్ట ముట్టలేదు. పొద్దు వాలేదాంక వందమంది ఉపాసం కూసున్నరు. అసొంటి దినం ఎవలు మర్చిపోరు. మనం మర్చిపోయినమా?"

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా తారక్ పదో దినం నాడు కూడా పిట్ట గంటకు పైగా రాలేదు. మామయ్య గుండుతో, తడి పంచెతో ఆకు ముందు మోకాళ్ల మీద కూర్చుని, "నిన్ను చంపినోణ్ని ఇడిసిపెట్ట బిడ్డా, వాణ్ని జైల్లనే సావనిస్త" అన్నారు. అప్పుడే ఒక కాకి దిగి మెతుకు ఎత్తుకుంది. ఈ ఎనిమిదేళ్లలో ఆ కాకి గురించి ఎవరు అడిగినా ఆయన అదే చెప్పారు. నా కొడుకు విన్నాడు, ముట్టాడు అని.

"నేను మాటిచ్చిన" అన్నారు మామయ్య. "నా కొడుకుకు పిట్ట ముందట మాటిచ్చిన."

"అతను గూడ తండ్రికి ఇచ్చిండు మామయ్యా. మన పిట్ట నిజమైతే వాళ్ల పిట్ట అబద్ధమెట్లయితది?"

ఆయన చేత్తో తడుముకుంటూ మంచినీళ్ల గ్లాసు వెతికారు. నేను అందించాను. తీసుకోలేదు.

"లక్ష్మీరాజం నీకేం చెప్పిండో నాకు ఫోన్ల చెప్పిండు" అన్నాడు విక్రాంత్. "దానితోని వాడు బయటికి రాడు. నువ్వు లోపలికి పోతవు. కావ్య ఇంటర్ ఉన్నది. అది యాదికున్నదా?"

"ఉన్నది."

"మరి?"

మరి ఏమిటో నాకూ తెలియదు. అతను బయటికి వస్తాడని నేను కూడా అనుకోవడం లేదు. చెప్పిన మాటను గట్టిగా చెప్పాను, అందుకే అది నా చేతుల్లోంచి పోయింది. ఇప్పుడు చెప్పే మాటకు ఆ బలం రాదు.

సృజన అప్పుడు మాట్లాడింది. కోపం లేదు. చెంప వాపు తగ్గింది, మొహం పీక్కుపోయి ఉంది. "మరి తారక్‌ను ఎవలు చంపిండ్రు అక్కా?"

"తెల్వది."

"ఎనిమిదేండ్ల సంది నీ మాట వట్టుకోని పండుకున్న. వాడు లోపలున్నడు, చాలు అనుకున్న. ఇప్పుడు వాడు కాదంటె, ఎవడో బయట తిరుగుతున్నడు. బజార్ల నా పక్కపొంటి నడిచిపోతున్నడు కావచ్చు. నాకు గిదేనా నువ్విచ్చేది?"

"గిదే సృజనా. నా దగ్గర ఇంకేం లేదు."

ఆమె లేచిపోతుందనుకున్నాను. లేవలేదు. కంచంలోని అన్నాన్ని వేళ్లతో ఒక పక్కకు జరిపింది, మళ్లీ ఇటు జరిపింది. అత్తమ్మ ఏడుస్తోంది. కావ్య నా మోచేయి పట్టుకుంది. మామయ్య ఖాళీ గోడ వైపు చూస్తున్నారు.

"ఇంగ్లీషుల రాసి సంతకం పెట్టిన" అన్నాను. "ఫోటో చూసిన సంగతి, జుట్టు సంగతి, గుండు ముందు అయితదన్న సంగతి. సంపత్ వకీలు అడ్రసు కాగితాల మీదనే ఉన్నది. రేపు పొద్దుగాల ఆరున్నర బస్సుకు హైదరాబాద్ పోతున్న."